ఇంగ్లీష్‌లో మార్కులు రావాలంటే ఏది మేలు: స్పోకెన్ క్లాసా, గ్రామర్ ట్యూషనా, చదివించడమా?

పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. "లెక్కలు బాగానే చేస్తాడు మేడమ్, ఇంగ్లీష్‌లోనే మార్కులు రావట్లేదు. స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేర్పించమంటారా, ట్యూషన్ పెట్టించమంటారా?"

సమాధానం చెప్పే ముందు నేను పిల్లాడి చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి ఒక పేరా చదవమంటాను. ఇంగ్లీష్ గురించి అడిగితే తెలుగెందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ నా దృష్టిలో అసలు సంగతి తేలేది అక్కడే.

స్పోకెన్ క్లాసుతో బెరుకు పోతుంది, అది మంచిదే. అయితే బడిలో ఇంగ్లీష్ మార్కులు ఎక్కువగా చదివి రాసేవాటికే. పాసేజ్ ఇచ్చి ప్రశ్నలడుగుతారు. కూడబలుక్కుని చదివే పిల్లలు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. ఇక గ్రామర్ ట్యూషన్ వల్ల వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ బిట్లు వస్తాయి. అంతవరకే.

చదవడంలో రెండు పనులున్నాయి: అక్షరాలను చూసి మాటను పలకగలగడం, ఆ మాటలు అర్థం కావడం. ఈ రెండింటినీ కూడకూడదు, గుణించాలి అని 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పారు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. అందుకే ఏ పని దగ్గర ఆగిపోతున్నారో ముందు చూడాలి.

తెలుగు ధారాళంగా చదివి, ఇంగ్లీష్ దగ్గర ఆగిపోతే ఫోనిక్స్, అంటే ఏ అక్షరం ఏ ధ్వని పలుకుతుందో నేర్పే పద్ధతి, పనికొస్తుంది. మన లిపిలో రాసింది రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీష్‌లో 26 అక్షరాలతోనే దాదాపు 44 ధ్వనులు పలకాలి; క్యాట్‌లో 'క' అయిన సి, సిటీకి వచ్చేసరికి 'స' అవుతుంది. ఇది ఎవరో ఒకరు ఓపిగ్గా చూపించాలి.

కొందరు ఇంగ్లీష్ పాఠం గడగడా చదివేస్తారు, అర్థం అడిగితే మాత్రం నోరు మెదపరు. వీళ్లకు ఫోనిక్స్ అక్కర్లేదు, కథలు కావాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. ముందు తెలుగులో చదివించి, తర్వాత అదే కథ ఇంగ్లీష్‌లో ఇవ్వండి. సర్కారు బడి పిల్లలకైతే రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకాలే ఉన్నాయి. వాటిలో తెలుగు పేజీ చదవడం చిన్నతనమని అనుకోనివ్వకండి.

తెలుగు పేరా దగ్గరే తడబడితే మాత్రం ఏ కోచింగ్‌కీ డబ్బు కట్టొద్దు. ముందు తెలుగు చదివించండి. ఒక భాషలో కుదిరిన చదివే నేర్పు రెండో భాషకూ అక్కరకొస్తుందని 1979లోనే జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు వాదించారు. తరగతిలో నేను చూస్తున్నదీ అదే.

రెండు భాషలూ చక్కగా చదివి, నలుగురిలో మాట్లాడటానికి మాత్రమే జంకే పిల్లలుంటే నిశ్చింతగా స్పోకెన్‌లో చేర్పించండి. యాప్‌లంటారా, పక్కన పెద్దవాళ్లు కూర్చుంటేనే ఉపయోగం.

"నాకు ఇంగ్లీష్ రాదు కదా, నేనేం చదివిస్తాను?" అని అడిగే అమ్మలకు నేను చెప్పేది ఇదే: రోజూ రాత్రి ఓ పావుగంట తెలుగు కథ బయటికి చదివించుకుని వినండి, "తర్వాత ఏమైంది?" అని అడగండి. దానికి మీకు ఇంగ్లీష్ రానక్కర్లేదు.