పాము గుడ్ల కోసం వర్మిక్యులైట్ కొంటున్నారా? సంచిలో ఎరువు ఉందేమో చూసుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు కార్న్ స్నేక్‌లను (ఇళ్లలో పెంచుకునే, విషం లేని అమెరికా పాములు) పెంచుతున్నవారికి ఈ హెచ్చరిక. నర్సరీ సామాన్ల దుకాణంలో వర్మిక్యులైట్ (తడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజం) కొంటే, గుడ్ల కింద పోసే ముందు పరీక్షించండి. నేను పరీక్షించలేదు. పద్నాలుగు గుడ్లలో పదకొండు పోయాయి.

ఏప్రిల్‌లో తిరుపతిలోనే ఒక దుకాణంలో కిలో సంచి తెచ్చాను. సంచి మీద వర్మిక్యులైట్ అన్న పేరు తప్ప మరో మాట లేదు. బంగారు రంగు పొరల మధ్య అక్కడక్కడా తెల్లని గుండ్రని గింజలు కనిపిస్తే పెర్లైట్ (మొక్కల మట్టిలో కలిపే తేలికైన రాతి గుళికలు) కలిపారనుకున్నాను. సమానమైన తూకంలో నీళ్లు కలిపి, పెట్టెలో వేడి 28 డిగ్రీలకు మించకుండా చూసుకున్నాను.

ఐదో రోజుకు గుడ్లు సొట్టలు పడ్డాయి. తడి చాలలేదేమోనని నీళ్లు చిలకరించాను. సొట్టలు ఇంకా లోతయ్యాయి. మళ్లీ చిలకరిస్తే బూజు పట్టింది. చుట్టూ అంత తడి ఉండగా గుడ్డు ఎందుకు ఎండుతోందో తెలియక రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఆ తెల్ల గింజలు పెర్లైట్ కాదు, నెమ్మదిగా కరిగే ఎరువు. పాము గుడ్డు పెంకు తోలులా మెత్తగా ఉంటుంది. చుట్టూ ఉన్న తడిని పీల్చుకుంటూ గుడ్డు ఉబ్బుతుంది. ఆ తడిలో లవణాలు ఎక్కువైతే గుడ్డులోని నీరే బయటికి వచ్చేస్తుంది, ఉప్పు పట్టించిన మామిడి ముక్క ఊట వదిలినట్లు.

పెర్లైట్ గోరుతో నొక్కితే పొడి అవుతుంది, ఎరువు గింజ అలా కాదు. కంటికి కనిపించని ఎరువూ ఉండవచ్చు కాబట్టి ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు చూసే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది) వాడండి. ముందు ఉత్త నీళ్లు కొలిచి, గుప్పెడు వర్మిక్యులైట్ అరగంట నానబెట్టి మళ్లీ కొలవండి. మా నీళ్లు 40 చూపించాయి. ఈ సంచిలోది నానాక 900 దాటింది. కోకోపీట్‌ను (కొబ్బరి పీచు పొట్టు) కూడా ఇలాగే చూడండి, సరిగ్గా కడగనిదైతే అందులోనూ ఉప్పు ఉంటుంది.

దుకాణదారు "మొక్కలకు మంచిదే కదండీ" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఏం కలిపారో సంచి మీద వేయని తయారీదారుదే తప్పు.

చేలల్లో దొరికిన గుడ్లనైతే అసలు ఇంటికి తేకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అటవీ శాఖకు చెప్పండి.

మిగిలిన మూడు గుడ్లకు పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిరగబడకుండా కొత్త వర్మిక్యులైట్‌లోకి మార్చాను. అరవై రెండో రోజున రెండు పిల్లలు బయటికి వచ్చాయి. ఆ సంచి ఇంకా నా దగ్గరే ఉంది. మీ సంచిలో తెల్ల గింజలుంటే ఫోటో పెట్టండి, పోల్చి చెబుతాను.