చరిత్ర ప్రముఖుల ‘ఇంటర్వ్యూ ప్రశ్నల ప్యాక్’ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

చనిపోయిన మహానుభావులను ఇంటర్వ్యూ చేస్తే ఏమేం అడగాలో రెడీమేడ్‌గా రాసిచ్చే డిజిటల్ ప్యాక్‌లు అమ్ముతున్నారు కదా, అందులో ఒకటి కొని నేను దెబ్బతిన్నాను. మా అమ్మాయికి స్కూల్లో మేరీ క్యూరీని ఇంటర్వ్యూ చేసే ప్రాజెక్టు ఇచ్చారు. తెల్లారితే ప్రదర్శన. ఆ టెన్షన్‌లో ముందూ వెనకా చూడకుండా డబ్బు కట్టేశాను.

పైన పటారం, లోన లొటారం. శాంపిల్‌గా చూపించిన రెండు పేజీలు నిజంగానే బాగున్నాయి. మిగతావి తెరిస్తే సగానికి సగం ‘మీరు ఎక్కడ పుట్టారు?’, ‘మీ జీవితంలో మరపురాని సంఘటన ఏది?’ రకమే. గెలీలియోకీ అవే, క్యూరీకీ అవే. అంతవరకే అయితే పోనీలే అనుకునేదాన్ని.

నా ఒళ్లు మండించింది పన్నెండో ప్రశ్న: ‘1911లో మీకు రెండో నోబెల్ వచ్చినప్పుడు మీ భర్త పియరీ ఏమన్నారు?’ పియరీ 1906 ఏప్రిల్‌లోనే పారిస్ వీధిలో గుర్రపుబండి కింద పడి చనిపోయారు! మా అమ్మాయి పాపం ఆ ప్రశ్నను కార్డు మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసుకుని, కింద ‘చాలా సంతోషించారు’ అని జవాబు కూడా పెట్టేసింది. పడుకోబోయే ముందు తేదీలు సరిచూడబట్టి బయటపడింది. లేకపోతే క్లాసులో నవ్వులపాలయ్యేది. గెలీలియో పేజీ ఇంకా ఘోరం. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రంపై ఆయన అభిప్రాయం అడిగారు. గెలీలియో పోయింది 1642లో, న్యూటన్ ఆ సూత్రాన్ని అచ్చు వేయించింది 1687లో.

తప్పులు చూపించి మెయిల్ పెడితే ‘ఇవి ఊహా ప్రశ్నలు మాత్రమే, డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ లేదు’ అన్నారు. ఊహ అంటే పోయిన మనిషిని ఐదేళ్ల తర్వాత మాట్లాడించడమా?

ఆ రాత్రి కార్డులన్నీ చించేసి మేమే కూర్చుని రాసుకున్నాం. 1903 నోబెల్‌కు మొదట పియరీ, తోటి శాస్త్రవేత్త బెక్వెరెల్ పేర్లే అనుకున్నారు. మేరీని కూడా చేర్చాలని పియరీ ఉత్తరం రాశారు. ఇది చదివి మా అమ్మాయి అల్లిన ప్రశ్న: ‘ఆయన రాయకపోతే మీరు నోరు తెరిచి అడిగేవారా?’ మరొకటి 1911 గురించి. ఆ జనవరిలో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ఎన్నికలో ఆమె కొద్ది ఓట్ల తేడాతో ఓడారు, డిసెంబరులో నోబెల్ అందుకున్నారు, అకాడమీకి మాత్రం మళ్లీ పోటీ చేయలేదు. ‘ఆ తలుపు మళ్లీ ఎందుకు తట్టలేదు?’ అని అడిగింది. ప్యాక్ మొత్తంలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి లేదు.

ఎలాగూ కొనాలనుకుంటే, శాంపిల్‌ను నమ్మకుండా ఎవరైనా ఒక మనిషి పేజీ పూర్తిగా చూపించమనండి. అందులో సంవత్సరం ఉన్న ప్రశ్నలు ఏరి, అప్పటికి ఎవరు బతికున్నారో చూసుకోండి. జవాబు వెతకడానికి ఆ మనిషి ఉత్తరాలో, డైరీయో, సొంత రాతలో ఏవి చూడాలో చెప్పని ప్యాక్ జోలికి పోకండి.

అదే ప్యాక్ ఇప్పుడు కొత్త అట్టతో, ‘సవరించిన ప్రతి’ పేరుతో మళ్లీ అమ్మకానికి వచ్చింది. కొన్నావిడ ఒకరు పన్నెండో ప్రశ్న ఫొటో తీసి పంపారు. పియరీ అందులో ఇంకా బతికే ఉన్నారు.