గ్రౌండ్ లూప్ ఐసోలేటర్: మోత పోయింది, గుంకీ కూడా పోయింది

స్పీకర్లలో మోత ఆపడానికి కోఠి గుజరాతీ గల్లీలో మూడొందలు పెట్టి కొన్న ఈ డబ్బా మా ఇంట్లో రెండేళ్లుగా ఉంది. కొన్న వారంలోనే నలుగురి చేత కొనిపించాను. ఇప్పుడు వాళ్లు ఎలా ఉందని అడిగితే కాస్త నీళ్లు నమలాల్సి వస్తోంది.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఫ్లాట్. టీవీ ఒక గోడకు, ఆంప్లిఫయర్ ఎదుటి గోడకు. రెండిటికీ ఆర్‌సీఏ కేబుల్ (పాట మోసే మామూలు ఆడియో తీగ) కలిపిన రోజు నుంచీ స్పీకర్లలో గుయ్‌మని సన్నటి మోత. పగలు ట్రాఫిక్‌లో తెలియదు. రాత్రి పదిన్నర దాటితే పెట్టెలో తుమ్మెద దూరినట్టే. ఆంప్లిఫయర్ సెలెక్టర్ ఫోన్ వైపు తిప్పితే గప్‌చుప్, టీవీ వైపు తిప్పితే మళ్లీ మొదలు. ఎలక్ట్రీషియన్ చూసి "ఎర్త్ పిన్ తీసేద్దాం సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. మోత పోతుంది, నిజమే. రేపు లోపల ఏదైనా షార్ట్ అయితే ఆంప్లిఫయర్ ఇనప పెట్టె మీద చెయ్యి వేసేది మా నాన్న. టీ ఇచ్చి పంపించేశాను.

డబ్బా మధ్యలో పెట్టగానే మోత ఆగింది. లోపల ఉన్నవి రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లే. పాట అయస్కాంతం మీదుగా అవతలికి దాటుతుంది, మోత పుట్టించే 50 హెర్ట్జ్ కరెంటు చుట్టూ తిరగడానికి మాత్రం తీగ దారి ఉండదు. పండగ చేసుకున్నాను.

ఆర్నెల్లు పోయాక ఒక కచేరీ వింటూ నాన్న, "ఒరేయ్, ఇతను ఎడమ చేత్తో వాయించడం మానేశాడేంట్రా?" అన్నారు. వయసు మీద పడింది, చెవులు మందగించాయేమో అనుకున్నాను. అనుమానం తీరక డబ్బా పీకి విన్నాను. మోతతో పాటు మృదంగం గుంకీ, అంటే ఎడమ చేత్తో పలికించే ఆ లోతైన నాదం కూడా తిరిగొచ్చింది! ఆ ట్రాన్స్‌ఫార్మర్లలోని అంత చిన్న ఇనప కోర్ లోతు శబ్దాలను మోయలేదు. ఈ డబ్బా పెట్టాక ఇక వెతికే పని లేదనుకోవడం నా తప్పు.

ఆ ఆదివారమే ఒక్కో తీగా పీకుతూ పోయాను. సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ టీవీ వైరు మర విప్పాను. నిశ్శబ్దం. ఆ వైరుకి ఎక్కడో బయట ఒక ఎర్త్, ఆంప్లిఫయర్‌కి మా బోర్డులో ఇంకో ఎర్త్. రెండిటి మధ్య ఉన్న కాస్త వోల్టేజి తేడా నా ఆర్‌సీఏ కేబుల్ పైపొర తీగల జాలీలోంచి కరెంటుగా పారుతోంది.

టీవీకి ఆప్టికల్ అవుట్ ఉంది కాబట్టి అటునుంచి ఒక చిన్న డ్యాక్‌కి (డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డబ్బా) వైరు వేశాను. అందులో వెళ్లేది వెలుగే, కరెంటు కాదు. అయినా మోత వచ్చింది! అరగంట తల పట్టుకున్నాక వెలిగింది: డ్యాక్‌కి పవర్ టీవీ యూఎస్‌బీ నుంచే ఇచ్చాను, తెంచిన దారిని నేనే మళ్లీ అతికించాను. పాత ఫోన్ చార్జర్‌కి మార్చాక ఇప్పటిదాకా చప్పుడు లేదు.

ఆ ఐసోలేటర్ డబ్బాని పారెయ్యలేదు. లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు టేబుల్ స్పీకర్లు గుయ్‌మంటాయి, దానికి వాడుతున్నాను. మీటింగుల్లో గుంకీ ఎవరికి కావాలి? వార్తలు, సీరియళ్లు చూసేవాళ్లకు మూడొందలకి ఇది చాలు. మా ఇంట్లో మాత్రం నాన్న ఉన్నారు.