పండుగ పూట లెక్కల సరదాకు పాత 991ఎంఎస్

క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ క్యాలిక్యులేటర్ పరీక్షలకు ఎలా పనికివస్తుందో చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు కనుక, నేను దాని మరో ఉపయోగం గురించి రాస్తున్నాను. దసరాకు, క్రిస్మస్ సెలవులకు, సంక్రాంతికి హనుమకొండలోని మా ఇంట్లో కలిసే బంధుమిత్రుల్లో క్యాలిక్యులేటర్ల పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కువ. సకినాల పళ్లెం చుట్టూ చేరాక ఈ యంత్రంతో ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మాకు ఆనవాయితీ. ఏళ్ల తరబడి ఇలా వాడిన మీదట నేను చెప్పగలిగింది ఏమిటంటే, లెక్కలు చేయడానికి దీన్ని మించిన మోడళ్లు ఎన్నో వచ్చాయి గానీ, లెక్కలతో నవ్వించడానికి ఇంతకంటే తగినది నా చేతికి రాలేదు. దాని పరిమితులే అందుకు కారణం.

ముందుగా తెర సంగతి. జవాబు కనిపించే కింది వరుసలో ప్రతి అంకె ఏడు గీతలతో ఏర్పడుతుంది కాబట్టి 0.7734 కొట్టి యంత్రాన్ని తలకిందులు చేస్తే ఇంగ్లీషులో ‘హెలో’ అని చదువుకోవచ్చు, 0.40404 కొడితే క్రిస్మస్ తాత నవ్వు ‘హోహోహో’ వస్తుంది. ఇదే సరదాను కొత్త తరహా ఈఎస్ మోడల్‌లో చూపబోతే, గణిత రూపంలో జవాబిచ్చే అమరికలో 0.7734 కాస్తా 3867/5000 అనే భిన్నంగా మారిపోతుంది. లెక్క ప్రకారం అది మెరుగైన జవాబే, కానీ దాన్ని ఎటు తిప్పినా పలకరింపు రాదు.

మోడ్ బటన్‌ను రెండుసార్లు నొక్కి 3 నొక్కితే సంఖ్యామానాలు మార్చే విభాగం తెరుచుకుంటుంది. అక్కడ ఆక్ట్ ఎంచుకుని 31 కొట్టి = నొక్కి, మామూలు పదుల మానమైన డెక్ నొక్కితే 25 వస్తుంది, ఎందుకంటే ఎనిమిది ఆధారంగా ఉన్న మానంలో 31 అంటే మూడు ఎనిమిదులు, ఒకటి. ఇంగ్లీషులో అక్టోబర్, డిసెంబర్ల పొట్టి పేర్లు కూడా ఇవే. ఆక్ట్ 31, డెక్ 25 సమానం కనుక అక్టోబర్ 31న వచ్చే హాలోవీన్, డిసెంబర్ 25న వచ్చే క్రిస్మస్ ఒకటేనన్నది పాశ్చాత్య దేశాల్లో బాగా నలిగిన ఛలోక్తి. హాలోవీన్ అంటే ఏమిటో మా పెద్దవాళ్లకు వివరించేలోపు నవ్వు చల్లారిపోయేది. అందుకని మేము దాన్ని మార్చుకుని, సర్దార్ పటేల్ జయంతిని డెక్‌లోకి మారిస్తే వాజ్‌పేయి జయంతి వస్తుందని చెప్పడం మొదలుపెట్టాము, అప్పటి నుంచి వివరణ అవసరం లేకుండా పోయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫ్యాక్టోరియల్ సరదా, అంటే 1 నుంచి ఒక సంఖ్య దాకా ఉన్న పూర్ణాంకాలన్నిటి లబ్ధంతో చేసేది. ఈ యంత్రం 69 ఫ్యాక్టోరియల్‌ను 1.711224524 × 10^98 అని చూపిస్తుంది, 70 అడిగితే జవాబు పదికి నూరవ ఘాతాన్ని దాటిపోతుంది కాబట్టి మ్యాథ్ ఎర్రర్ అంటుంది. డెబ్బై ఏళ్లు నిండి భీమరథ శాంతి జరుపుకున్న మా బావగారి చేతికి దీన్నిచ్చి, తన వయసు కొట్టి ఫ్యాక్టోరియల్ నొక్కమన్నాము. ఆయన తెరను కాసేపు చూసి, “ఏంది బామ్మర్ది, నా వయసు దీనికి ఎక్కుతలేదా?” అన్నారు. ఇంతకంటే పెద్ద సంఖ్యలను పట్టుకోగల ఫోన్ యాప్‌లు ఇదే ప్రశ్నకు బుద్ధిగా జవాబు చెప్పేస్తాయి, ఇక అందులో నవ్వడానికి ఏముంటుంది?

డిసెంబర్ 22 రామానుజన్ జయంతి, జాతీయ గణిత దినోత్సవం కూడా. ఆ రోజున ఇంటికి వచ్చిన విద్యార్థులను e^(π√163) కొట్టి, అది పూర్ణాంకమో కాదో తేల్చమని అడుగుతాము. తెర మీద 2.625374126 × 10^17 కనిపిస్తుంది గానీ, ఆ జవాబును బట్టి ఏదీ తేలదు. అసలు విలువ 262537412640768743 తర్వాత దశాంశ బిందువు, ఆపైన వరుసగా పన్నెండు తొమ్మిదులు, ఆ తర్వాతే 25. పది అంకెలు చూపించి లోపల మరికొన్ని అంకెలతో మాత్రమే లెక్కించే యంత్రానికి అంత లోతు అందదు. గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 1975 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో, రామానుజన్ ఊహించినట్లుగానే ఇది పూర్ణాంకమని తేలినట్లు ఏప్రిల్ ఫూల్ పరిహాసంగా రాశారు. ఆ సంఖ్యకు రామానుజన్ స్థిరాంకమన్న పేరు ఆ పరిహాసం నుంచే వచ్చింది.

అసౌకర్యాలు లేకపోలేదు. ఆరు నిమిషాల పాటు ఎవరూ ఏమీ నొక్కకపోతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది, దాంతో పాటు పై వరుసలో ఉన్న లెక్క కూడా చెరిగిపోతుంది. పళ్లెంతో పాటు చేతులు మారుతూ అది గదికి అటు చివర చేరేసరికి సరదా మాయమవుతుంది. తెరకు వెలుగు లేదు కాబట్టి దీపావళి రాత్రి డాబా మీద దీనితో పని జరగదు. సౌర ఫలకానికి తోడుగా ఎల్ఆర్44 బ్యాటరీ ఉన్నందున మసక వెలుతురులో ఆగిపోతుందన్న భయం మాత్రం లేదు.

క్లాస్‌విజ్ అనే క్యాసియో మోడళ్ల వర్గపు 991ఈఎక్స్‌లో సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే సదుపాయం ఉంది, దీనిలో లేదు. నా దృష్టిలో అదీ మేలే. రామప్ప గుడికి వెళ్లిన ఒక సెలవు రోజున, వేయి స్తంభాల గుడి కట్టిన 1163ను, రామప్ప కట్టిన 1213ను పిల్లలు 2 నుంచి 31 దాకా ఉన్న పదకొండు ప్రధాన సంఖ్యలతో వంతులవారీగా భాగించి చూశారు. ఏదీ నిశ్శేషంగా పోలేదు గనుక రెండూ ప్రధాన సంఖ్యలేనని తేలింది. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన 2021 మాత్రం 43, 47ల లబ్ధం. కట్టడానికి ఒక ప్రధాన సంఖ్య సరిపోయిందనీ, గుర్తించడానికి పక్కపక్కనున్న రెండు కలవాల్సి వచ్చిందనీ మేము నవ్వుకుంటుండగా, మాతో వచ్చిన చరిత్ర అధ్యాపకుడు ఒకాయన యంత్రం అడిగి తీసుకున్నారు. వేయి స్తంభాల గుడి కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనంలో ఉన్నది 1163 కాదనీ, శక సంవత్సరం 1084 అనీ చెప్పి, దాన్ని 2తో భాగించి 542 చూపించారు.