ఆరేళ్లుగా పేస్‌మేకర్‌తో: మెట్లెక్కితే ఆయాసం, ఆటో ఎక్కితే దడ

మొన్న ఆగస్టుకి నా పేస్‌మేకర్‌కి ఆరేళ్లు నిండాయి. హార్ట్ బ్లాక్ అంటే ఏంటి, ఆపరేషన్ ఎలా చేస్తారు, ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు రెండేళ్ల పాటు ఎవరూ చెప్పని ఒకే ఒక్క విషయం గురించి రాద్దామని కూర్చున్నా, దాని పేరు రేట్ రెస్పాన్స్, అంటే మనం చేసే పనిని బట్టి మిషను గుండె స్పీడుని పెంచడం, తగ్గించడం.

2019 శ్రావణమాసంలో, అప్పుడు నాకు 54, పూర్ణాలకి పిండి కలుపుతూ కలుపుతూ కళ్లు తిరిగి పడిపోయా. అంతకుముందు నెల నుంచే నీరసంగా ఉండేది, గ్యాస్ అనుకుని సోడాలు తాగాం. ఈసీజీ తీస్తే పల్స్ 34, కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు, అంటే గుండె పై గది నుంచి కింది గదికి కొట్టుకోమనే సిగ్నల్ అసలు అందట్లేదంట. ఆ రాత్రే గజ్జల్లోంచి టెంపరరీ వైరు వేసి, రెండో రోజు ఎడమ కాలర్ బోన్ కింద పర్మనెంట్‌ది పెట్టారు. మా చేతిలో ఉన్న డబ్బుకి సింగిల్ చాంబరే కుదిరింది, అంటే గుండె కింది గదికి ఒక్క లీడ్ (మిషను నుంచి గుండెలోకి వెళ్లే వైరు) అంతే.

మొదట్లో చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ కొత్త ప్రాణం వచ్చింది అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, కళ్లు తిరగడం ఆ రోజుతో పోయింది మళ్లీ ఇప్పటిదాకా రాలేదు. కానీ మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కూరగాయల సంచి పట్టుకుని రెండో అంతస్తుకి వచ్చేసరికి కాళ్లలో సత్తువ పోయి, గోడ పట్టుకుని నిలబడిపోయేదాన్ని. దిగేటప్పుడేమో ఆయాసం ఉండదు గానీ గుండె గబగబా కొట్టుకునేది. అన్నిటికంటే భయపెట్టింది ఆటో. గుంతల రోడ్డు మీద వెనక ఊరికే కూర్చున్నా సరే దడ మొదలు, ఆక్సిమీటర్ వేలికి పెట్టి చూస్తే 108, 112. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే కాసేపటికి అదే తగ్గేది. ఇంట్లో చెప్తే భయం వల్ల అన్నారు, వయసు అన్నారు, థైరాయిడ్ టెస్టు కూడా చేయించారు. చెకప్‌కి వెళ్తే బ్యాటరీ బాగుంది, మిషను బాగుంది అని రెండు నిమిషాల్లో పంపించేసేవాళ్లు. మిషను బాగుందంటే ఇంక బాగోలేనిది నేనే కదా అనుకుని, బయటికి వెళ్లడమే తగ్గించేశా. మంగళగిరి కొండకి ఏటా మెట్లెక్కి వెళ్లి పానకం పోసి వచ్చేదాన్ని, అదీ మానేశా.

2021 చివర్లో మా అబ్బాయి పట్టుబట్టి ఇంకో ఊళ్లో హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ మిషను చెక్ చేసే టెక్నీషియన్ అమ్మాయి, మా కోడలి ఈడు ఉంటుంది, ఛాతీ మీద వాండ్ (మిషనులో ఉన్నది బయటి నుంచి చదివే పరికరం) పెడుతూ "ఆంటీ, మీరు ఎన్నో ఫ్లోర్‌లో ఉంటారు?" అని అడిగింది. ఆ ప్రశ్న రెండేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు! తర్వాత స్క్రీన్ నా వైపు తిప్పి ఒక గ్రాఫ్ చూపించింది, ఇన్ని రోజులూ గుండె ఏ స్పీడులో ఎంతసేపు కొట్టుకుందో అందులో ఉంటుందంట. నాదంతా 60 దగ్గరే కుప్పపోసినట్టు ఉంది, దూరంగా 110 దగ్గర ఒక చిన్న గీత. "ఆ గీత మీ ఆటో ప్రయాణాలే అయి ఉంటాయి ఆంటీ" అంది.

ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. నా మిషనుకి నేను ఆయాసపడుతున్నానో లేదో తెలియదు, లోపల ఒక సెన్సార్ ఉండి ఒళ్లు ఎంత కదులుతోందో మాత్రమే చూస్తుంది. కదిలితే పనిలో ఉందనుకుని స్పీడు పెంచుతుంది. మెట్లెక్కేటప్పుడు మెల్లగా ఎక్కుతాం, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో కుచ్చిళ్లు, ఛాతీ పెద్దగా కదలదు, అందుకని దానికి పని కనపడదు. దిగేటప్పుడు ధన్ ధన్ మని అడుగు పడుతుంది కాబట్టి పెంచేస్తుంది. ఆటో కుదుపులు దానికి పరుగులాగే తెలుస్తాయి.

ప్రోగ్రామర్‌లో, అంటే మిషను సెట్టింగులు బయటి నుంచే మార్చే కంప్యూటర్‌లో, ఏవో అంకెలు మార్చి, నన్ను వరండాలో అటూ ఇటూ నడిపించి, మెట్లు ఎక్కించి, మళ్లీ చూసి మళ్లీ మార్చింది. కోత లేదు, సూది లేదు, ఇరవై నిమిషాలు పట్టిందేమో. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మూడు అంతస్తులూ మెల్లగానే అయినా ఎక్కడా ఆగకుండా ఎక్కా. తలుపు తీసి కుర్చీలో కూర్చుంటే ఏడుపొచ్చింది. సంతోషం కంటే కోపంతో ఎక్కువ, ఇరవై నిమిషాల పనికి రెండేళ్లు పోగొట్టుకున్నా కదా.

పూర్తిగా బాగుపడిందని మాత్రం చెప్పలేను. సెన్సార్‌ని చురుగ్గా చేస్తే మెట్లకి బాగుంటుంది గానీ ఆటోలో దడ ఇంకాస్త పెరుగుతుంది, ఏది కావాలో మీరే చెప్పండి అంది. మెట్లు రోజుకి మూడు నాలుగుసార్లు, ఆటో వారానికి ఒకసారి, మెట్లే కావాలన్నా. కాబట్టి రోడ్డు బాగోలేకపోతే ఇప్పటికీ దడే, ఎందుకో తెలుసు కాబట్టి భయం లేదు అంతే. మెట్లెక్కే ముందు చేతులు నాలుగైదుసార్లు బాగా ఊపడం నేను అలవాటు చేసుకున్నా, నాకైతే పనిచేస్తోంది. అప్పుడప్పుడు మెడలో నరం ఎగిరెగిరి కొట్టుకుంటుంది, పై గది కింది గది ఎవరి దారిన అవి కొట్టుకోవడం వల్లనంట, దానికి సెట్టింగులో మందు లేదు.

మిగతావి అలవాటైపోయాయి. ఫోన్ కుడి చెవికే, ఇండక్షన్ స్టవ్ దగ్గర కాస్త ఎడంగా నిలబడతా, గుడి గేటు దగ్గర డిటెక్టర్ ఉంటే కార్డు చూపించి ఆగకుండా నడిచేస్తా. మొదటి ఆరు వారాలు ఎడమ చెయ్యి పైకెత్తొద్దన్నారు, మా కోడలే జడ వేసేది.

ఇప్పుడు ఎవరైనా పెట్టించుకోబోతుంటే డబ్బు కుదిరితే డ్యూయల్ చాంబర్ (పై గదికొకటి, కింది గదికొకటి, రెండు లీడ్లు ఉండేది) గురించి గట్టిగా అడగండి అంటా. మీ పై గది బాగుంటే అది కొట్టుకునే స్పీడుని బట్టే కింది గదీ నడుస్తుందంట, మెట్లా ఆటోనా అన్న తికమక చాలావరకు ఉండదు. ఊపిరిని బట్టి స్పీడు పెంచే సెన్సార్ ఉన్నవి కూడా ఉన్నాయంట. ఎంఆర్ఐకి పనికొచ్చేదేనా అని మిషనుకీ లీడుకీ రెండిటికీ విడివిడిగా అడగండి. మంచం మీదే ఉండే పెద్దవాళ్లకైతే నాలాంటి సింగిలే చాలేమో, అది డాక్టర్ చెప్పాలి. నాది మూడో అంతస్తు కష్టం.

దీన్ని తిట్టాలని కూడా లేదు. లోకంలో మొదట పేస్‌మేకర్ పెట్టించుకున్న అర్నే లార్సన్‌ది కూడా హార్ట్ బ్లాకేనంట, 1958లో స్వీడన్‌లో పెట్టిన ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది, అయినా మార్చుకుంటూ మార్చుకుంటూ 2001 దాకా బతికాడని మా అబ్బాయి చదివి చెప్పాడు. నాది ఆరేళ్లలో ఒక్కరోజు ఆగలేదు.

పోయిన చెకప్‌లో బ్యాటరీ ఇంకో నాలుగేళ్లు వస్తుందన్నారు. మార్చేటప్పుడు డ్యూయల్‌కి మారొచ్చా అని అడిగా, పై గదికి కొత్త లీడ్ వెయ్యాలి, అప్పటి పరిస్థితి చూసి చెప్తాం అన్నారు. డబ్బు మాత్రం ఇప్పట్నుంచే నెలనెలా పక్కన పెడుతున్నా.