ఏ ఇంటి సుబ్బారావుగారమ్మా?

విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు చాలా ఉన్నాయి కదా, వాటిలో ఒకదాని గురించి రాస్తున్నాను. ఆ కొట్టుకు పేరంటూ లేదు. రేకు బోర్డు మీద "పాత పుస్తకములు కొనబడును, అమ్మబడును" అని పసుపు రంగులో రాసి ఉంటుంది, అంతే. మూడు నెలల్లో నాలుగుసార్లు వెళ్లాను. ఇంత బాగా పుస్తకాలు సర్దిన కొట్టు నేనింతవరకూ చూడలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్పాలి. మా అబ్బాయికి మా మామగారి పేరే పెట్టాం, సుబ్బారావు అని. ఇప్పుడు ఎనిమిదో తరగతి. క్లాసులో అందరూ రెండక్షరాల పేర్లవాళ్లే. వీడి పేరు పిలవగానే వెనక బెంచీలో నవ్వులు. ఒకరోజు ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి "అమ్మా, నా పేరు మార్పించు, ఇది తాతల పేరు" అన్నాడు. మా ఆయనకి కోపం వచ్చింది కానీ నాకు మాత్రం బాధేసింది, ఎందుకంటే వాడి వయసులో అది చిన్న సంగతి కాదు. పుట్టినరోజుకి వాడి చేతిలో కొందరు సుబ్బారావుల పుస్తకాలు పెడదామనుకున్నాను.

మొదట ఒక ఆన్‌లైన్ దుకాణంలో వెతికాను. ఇంగ్లిష్‌లో ఎన్ సుబ్బారావు అని కొడితే ఏవేవో కామర్సు గైడ్లు వచ్చాయి. చివరికి కవిత్వం అనుకుని ఆర్డర్ పెట్టింది వచ్చాక విప్పి చూస్తే పరీక్షల ప్రశ్నల బ్యాంకు. తిప్పి పంపడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి నాకు అర్థం కాని విషయం ఒకటుంది, అది ఈ కొట్టు పెద్దాయన ఒక్క ప్రశ్నతో తేల్చేశారు.

వెళ్లి "బాబాయిగారూ, సుబ్బారావుగారి పుస్తకాలేమన్నా ఉన్నాయా" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి "ఏ ఇంటి సుబ్బారావుగారమ్మా? ముందు ఇంటిపేరు చెప్పు" అన్నారు.

తెలుగు పుస్తకాలు కొనేవాళ్లంతా ఒకసారి ఆ అరల దగ్గర నిలబడి చూడాలి. చొక్కాల డబ్బాల అట్టలు నిలువుగా కోసి, ఒక్కో అట్ట మీద స్కెచ్ పెన్నుతో ఇంటిపేరు రాసి, పుస్తకాల మధ్య దూర్చారు. నండూరి, నాయని, పైడిమర్రి, యల్లాప్రగడ, రాయప్రోలు. కొన్ని అట్టల చివర్లు చేతి తడికి నల్లబడి మెత్తగా అయిపోయాయి. రచయితల పుస్తకాలూ, వాళ్ల మీద వచ్చిన జీవిత చరిత్రలూ అన్నీ ఒకే అట్ట వెనక ఉంటాయి. పేరులో చివరి మాట పట్టుకుని సర్దితే తెలుగు పుస్తకాలు అన్నీ కలిసిపోతాయి, ఎందుకంటే మన చివరి మాట మనిషికి పెట్టిన పేరు, వంశాన్ని చెప్పేది ముందు మాట. ఇంగ్లిష్ పద్ధతిలో ముందు మాటని ఒక్క అక్షరం చేసేస్తే ఇంక చెప్పక్కర్లేదు. ఎన్. సుబ్బారావు అంటే ఎంకి పాటల నండూరి సుబ్బారావుగారా, సౌభద్రుని ప్రణయయాత్ర రాసిన నాయని సుబ్బారావుగారా? ఇద్దరూ కవులే, ఇద్దరూ దాదాపు ఒకే కాలంవాళ్లు. కె. సుబ్బారావు అన్నా అంతే. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావుగారూ కె., రాయలసీమ స్వాతంత్ర్య సమరయోధుడు కల్లూరి సుబ్బారావుగారూ కె. నా ఆన్‌లైన్ ఆర్డర్ ఎక్కడ తప్పిందో ఆ అట్టల దగ్గరే నాకు తెలిసింది.

యల్లాప్రగడ అట్ట వెనక ఆ రోజు వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి పాత జీవిత చరిత్ర ఒకటి దొరికింది, 60 రూపాయలు. ఈయన గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చి, పూర్తి డిగ్రీ రాకుండా చిన్న డిగ్రీతో బయటపడాల్సి వచ్చింది. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ని తయారుచేసింది, అది ఆ స్ప్రూకి కూడా మందయింది. ఈ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. వీడు నా కడుపులో ఉన్నప్పుడు రోజూ అన్నం తిన్నాక నేను మింగిన చిన్న పసుపు మాత్ర అదే కదా. ఆ సుబ్బారావుగారి మాత్ర మింగి ఈ సుబ్బారావుని కన్నానన్నమాట. ఇంటికెళ్లి వాడికి ఆ ముక్క చెప్తే మొదట నమ్మలేదు, తర్వాత పుస్తకం లాక్కుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి ఇచ్చే డీఈసీ మాత్ర వెనకా ఆయన బృందమే ఉంది. క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన నడిపిన ప్రయోగశాలలోంచే వచ్చింది. 1948లో 53 ఏళ్లకే పోయారు. మన ఊళ్లలో ఇంతమంది ఆయన మందులు మింగుతూ ఆయన పేరు ఎరగకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

నండూరి వెంకట సుబ్బారావుగారూ అదే 1895లో పుట్టారు. ఏలూరులో వకీలు. ఎంకి పాటల కాపీ చిన్నది, అట్ట ఊడిపోతే ఎవరో గోధుమరంగు కాగితం అంటించారు. లోపల మొదటి పేజీలో ఆకుపచ్చ సిరాతో ఎవరి సంతకమో ఉంది, చదవలేకపోయాను. పెద్దాయన పుస్తకం తీసి తొడ మీద రెండుసార్లు తట్టి, దుమ్ము ఊది, చివరి పేజీ మూలలో పెన్సిల్‌తో వేసిన ధర చూపించారు. 40 రూపాయలు. ఈ కొట్టులో ధర ఎప్పుడూ అక్కడే ఉంటుంది, మనిషిని బట్టి మారదు. నాకది బాగా నచ్చింది. బేరం ఆడితే మాత్రం ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారు, ఆడకండి.

పక్క అట్ట నాయని. అక్కడ సుబ్బారావుగారి పక్కనే నాయని కృష్ణకుమారిగారి పుస్తకాలున్నాయి. ఆవిడ ఆయన కూతురు, జానపద సాహిత్యం మీద పెద్ద కృషి చేశారు, తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. చివరి మాట చూసి సర్దితే తండ్రి స దగ్గర, కూతురు క దగ్గర, వేరే వేరే అరల్లో ఉండేవాళ్లు. రాయప్రోలు సుబ్బారావుగారిది తృణకంకణం ఒక్కటే ఉంది, చెదలు కొట్టిన కాపీ, అది వదిలేశాను.

ఇంకో అట్ట చూసి ఆశ్చర్యపోయాను: కాశీనాథుని. అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన నాగేశ్వరరావు పంతులుగారి మీద పుస్తకం, దాన్ని ఆనుకుని సినిమా దర్శకుడు కె. విశ్వనాథ్‌గారి మీద పుస్తకం. ఆ కె. అంటే కాశీనాథుని అని నాకు ఆ రోజే తెలిసింది. అక్కినేని నాగేశ్వరరావుగారి మీద పుస్తకాలు అ దగ్గర విడిగా ఉన్నాయి. సత్యనారాయణలూ అంతే, విశ్వనాథవారు వ దగ్గర, కైకాలవారు క దగ్గర.

నేనున్నప్పుడే ఒక కుర్రాడు భుజాన రాకెట్ సంచీతో వచ్చి "గోపీచంద్ బుక్ ఉందా అంకుల్" అని అడిగాడు. పెద్దాయన "ఏ గోపీచంద్ నాన్నా, త్రిపురనేనా, పుల్లెలా?" అన్నారు. పిల్లవాడు తెల్లబోయి చూశాడు. అప్పుడాయన ఓపిగ్గా చెప్పారు, ఒకాయన అసమర్థుని జీవయాత్ర రాసినాయన, 1962లో పోయారు, ఇంకొకాయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచి, తర్వాత హైదరాబాద్‌లో అకాడమీ పెట్టి సైనాకి, సింధుకి ఆట నేర్పినాయన అని. సినిమా హీరో సంగతి కుర్రాడే అందుకున్నాడు. చివరికి వాడు పుల్లెల గోపీచంద్ గురించిన పుస్తకంతో పాటు త్రిపురనేనివారి నవల కూడా పట్టుకెళ్లాడు.

రెండోసారి వెళ్లినప్పుడు మా వాణ్ణి తీసుకెళ్లాను. పేరడిగారు. వాడు నసుగుతూ చెప్పాడు. పెద్దాయన లేచి నిలబడి "రోజూ పొద్దున బడిలో ప్రతిజ్ఞ చేస్తావా?" అని అడిగారు. చేస్తానన్నాడు. "అది రాసింది ఎవరో తెలుసా? పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తివాడు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. 1965 నుంచి దేశమంతా చదువుతోంది." పాఠ్యపుస్తకాల్లో చాలా ఏళ్లు ప్రతిజ్ఞ కింద ఆయన పేరు వెయ్యనేలేదు. నేను పదేళ్లపాటు చెయ్యి ముందుకు చాచి అది చదివాను, ఎవరు రాశారని ఒక్కసారి కూడా అడగలేదు, నాకు చెప్పినవాళ్లూ లేరు. మా వాడు మాత్రం మర్నాడే స్కూల్లో చెప్పేశాడట. వాళ్ల సోషల్ టీచరుగారు వాడిచేత ప్రార్థన దగ్గర రెండు ముక్కలు మాట్లాడించారు.

ఆ రోజు చిల్లర ఇవ్వబోయి పెద్దాయన గల్లాపెట్టెలో వెతికి పాత పది రూపాయల నోటు ఒకటి తీసి వాడి చేతిలో పెట్టారు. సంతకం చూడమన్నారు. దువ్వూరి సుబ్బారావుగారిది. 2008 సెప్టెంబరు నుంచి 2013 సెప్టెంబరు దాకా రిజర్వు బ్యాంకు గవర్నరు, ఆయన కుర్చీలో కూర్చున్న పదిరోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలిపోయింది. ఆ కాలంలో అచ్చయిన నోట్ల మీద ఆయన సంతకమే ఉంటుంది. ఆ నోటు ఇప్పుడు మా వాడి పెన్సిల్ డబ్బాలో ఉంది, ఖర్చుపెట్టనివ్వడు.

ఇక లోపాలు. కొట్టు బాగా ఇరుకు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటే ఆగాలి. ఫ్యాను ఒక్కటే, అదీ పెద్దాయన వైపే తిరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లకండి, అయిదు దాటాక వెళ్లండి. దుమ్ము పడనివాళ్లు మాస్కు పెట్టుకోవాలి, నాకు రెండుసార్లు తుమ్ములు పట్టుకున్నాయి. కలంపేర్ల దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది. శ్రీశ్రీ పుస్తకాలు శ్రీరంగం అట్ట వెనక ఉంటాయి, ఆరుద్ర కావాలంటే భాగవతుల దగ్గరికి వెళ్లాలి, చలం గుడిపాటి దగ్గర. ఇవి తెలియనివాళ్లు కొత్తలో తికమకపడతారు. ఆ అట్టల దగ్గర కలంపేరు కూడా రాసి పెడితే సరిపోతుంది, ఈ మాట పెద్దాయనకీ చెప్పాను, తల ఊపారు కానీ ఇంకా రాయలేదు. ఇంగ్లిష్ పుస్తకాల అర మాత్రం నిజంగా గందరగోళం. దువ్వూరివారు గవర్నరుగా తన అయిదేళ్ల మీద ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం ఇంజనీరింగ్ గైడ్ల మధ్య ఇరుక్కుని ఉంది, అదృష్టం కొద్దీ నా కంట పడింది. యల్లాప్రగడవారి మీద ఇంగ్లిష్‌లో వచ్చినవి దొరకడం ఇంకా కష్టం, ఆయన పేరు ఇంగ్లిష్‌లో చివర రో అని డబ్ల్యూతో ముగుస్తుంది, సర్దే కుర్రాడు దాన్ని వేరే మనిషి అనుకుని ఎక్కడో పెట్టేస్తున్నాడు.

పుస్తకం వెనక్కి తీసుకోరు, పేజీలన్నీ అక్కడే చూసుకోవాలి. ఫోన్‌పే ఉంది. ఆదివారం ఉదయం తీస్తారు, సోమవారం సెలవు. మొత్తం నాలుగు ట్రిప్పుల్లో నాకు 410 రూపాయలు అయింది, ఏడు పుస్తకాలు వచ్చాయి. అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు ఇంగ్లిష్ అర కోసం తగ్గించాను.

మా వాడి అరలో ఇప్పుడు ఒక ఖాళీ ఉంది, కోకా సుబ్బారావుగారిది. గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయన, తర్వాత దేశానికే అయ్యారు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించడానికి వీల్లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో 11 మంది జడ్జీల బెంచి తీర్పు ఇచ్చింది, 6-5 తేడాతో. ఆ ఆరుగురిలో ముందున్నది ఆయనే. అదే ఏడాది రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకిర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిపోయారు. ఆయన మీద తెలుగులో ఏదన్నా ఉంటే పక్కన పెట్టమని పెద్దాయనకి నా నంబరు ఇచ్చి వచ్చాను. సంక్రాంతి తర్వాత ఒక వకీలుగారింట్లో పుస్తకాలు అమ్మకానికి వస్తున్నాయట, అందులో ఉండొచ్చన్నారు. మీలో ఎవరైనా నాకంటే ముందు వెళ్లి కోకా అట్ట వెనక ఏదైనా చూస్తే, దయచేసి మా అబ్బాయి కోసం వదిలెయ్యండి.