వేపచెట్టు కింద జడ్జీల బెంచీ

మా నల్లగొండ వైపు ఒక కోర్టు ఆవరణలో, ఇక్కడ పనిచేసి వెళ్లిన జడ్జీల గుర్తుగా వేసిన నల్లరాతి బెంచీ ఇది. గట్టు తగాదాలో ఆరేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్నవాణ్ణి, దీని మంచిచెడ్డలు నాకంటే ఎవరికి తెలుస్తాయి!

ముగ్గురు సుఖంగా, అయిదుగురు సర్దుకుని కూర్చోవచ్చు. వీపు ఆనించే పలక మీదే పేర్లు చెక్కి తెల్లరంగు నింపారు. మా వీపులు రాసుకుని రాసుకుని మధ్యలో పేర్ల రంగంతా పోయింది, వేలితో తడిమితే తప్ప తెలియవు. మొన్న ఒక ముసలమ్మ, "మా భాగం తెంపిన సారు పేరు ఏడుంది బిడ్డా?" అని అడిగింది. వెతికి చూపించాను. కొంగు తడిచేసి ఆ ఒక్క పేరు మాత్రం శుభ్రంగా తుడిచింది. పక్క పేరు జోలికి పోలేదు.

2022లో సూర్యాపేట, భువనగిరి కోర్టుల లెక్కన వేరే జిల్లాలు (జ్యుడీషియల్ జిల్లాలు) అయ్యాక మా బావ కేసు అటు మారింది, నాకు బెంచీ మీద తోడు లేకుండా పోయింది.

లోపాలూ ఉన్నాయి. పదకొండు దాటితే నీడ జరిగిపోతుంది, రాయి పెనంలా కాలుతుంది. ఇంకోటి, బంట్రోతు పిలుపు అక్కడికి వినిపించదు. ఒకసారి చాయ్ తాగుతూ కూర్చుంటే నా పేరు పిలిచేశారు, వకీలు సాబ్ పరుగెత్తుకొచ్చాడు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఈ బెంచీకి నా మార్కులు అయిదుకు మూడున్నర. వచ్చే వాయిదాకు తువ్వాల నాలుగు మడతలేసి తెచ్చుకుంటా.